ఉత్తుత్తి కుస్తీ... నిజం నొప్పి!

ఆదివారం!

ఆ మాట వింటే ఇప్పటి కుర్రకారుకి ఏం గుర్తొస్తుందో తెలీదు గానీ, 1990 దశకంలో నిక్కర్లు తొడుక్కుని తిరిగిన మా బోటివాళ్లకి మాత్రం ఒక్కటే గుర్తొస్తుంది - టీవీ! వారంలో ఆరు రోజులు స్కూలుకీ, ట్యూషనుకీ అంకితం. ఏడో రోజు మాది. తలంటు పోసుకుని, కుంకుడు పులుసు పడి ఎర్రబడ్డ కళ్లతో టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నామంటే అమ్మ అన్నానికి పిలిచే దాకా కదిలితే ఒట్టు!

మాది విజయనగరం. 1998 నాటికి మా వీధిలో టీవీలు చాలానే వున్నాయి గానీ, కేబుల్ కనెక్షను వున్నది మాత్రం మూడే ఇళ్లలో. అందులో మా ఇల్లు ఒకటి. అంచేత సెలవు రోజున మా గుమ్మం ముందు చెప్పులు చూస్తే పెళ్లివారిల్లేమో అనుకోవాల్సిందే! మధ్యాహ్నం దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’. ముఖేష్ ఖన్నా గిర్రున బొంగరంలా తిరుగుతుంటే మేమూ లేచి తిరిగేవాళ్లం. అది అయిపోగానే ఛానల్ మారేది. అప్పుడు మొదలయ్యేది అసలు పండగ!

ఎత్తయిన అరుగు. చుట్టూ మూడు వరసల తాళ్లు. లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోతాయి. ఎక్కడో చావుగంట మోగుతుంది. నల్లకోటు, నల్లటోపీ పెట్టుకున్న ఆరున్నర అడుగుల పైచిలుకు మనిషి నింపాదిగా నడిచి వస్తాడు. టోపీ తీసి కనుగుడ్లు పైకి తిప్పితే తెల్లగుడ్డు తప్ప నల్లగుడ్డు కనబడదు. మా ఇంట్లో పద్నాలుగు మంది పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. అండర్‌టేకర్!

అదండీ మా డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్.! 2002లో ఆ సంస్థ పేరు మారి డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అయింది గానీ మా తరం నోట ఇప్పటికీ పాత పేరే పలుకుతుంది.

జేబులో పేకముక్కలు

ఆట టీవీలో అయిపోతే మా చేతుల్లో మొదలయ్యేది. ట్రంప్ కార్డులు గుర్తున్నాయా? ఒక్కో కార్డు మీద ఒక్కో మల్లుడి బొమ్మ. కింద అతగాడి ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లు ఎదుటివాడి కార్డు లాగేసుకోవచ్చు. బరువు పిలిచినప్పుడు యోకోజునా కార్డు చేతిలో వున్నవాడిదే రాజ్యం! లెక్కల పరీక్షలో పన్నెండో ఎక్కం రానివాడు కూడా బ్రెట్ హార్ట్ బరువు ఎంత, షాన్ మైకేల్స్ ఎత్తెంత అని అడిగితే నిద్రలో లేచి చెప్పేవాడు.

మా పక్కింట్లో నా ఈడువాడే ఒకడు వుండేవాడు. ఇద్దరం ఒకే బెంచీ, ఒకే సైకిలు. వాడికి అండర్‌టేకరూ అక్కర్లేదు, రాతి మనిషి రాకూ అక్కర్లేదు. వాడికి ఓవెన్ హార్ట్ కావాలి. బంగారు జుట్టు, చిలిపి నవ్వు, ఓ మాదిరి ఎత్తు. కార్డు ఆటలో ఓవెన్ వల్ల లాభం ఏమీ లేదు. ఏ అంకె పిలిచినా ఓడిపోయే కార్డే. అయినా వాడు ఆ కార్డుని మాత్రం ఆటలో దించేవాడు కాదు. కంపాస్ బాక్సులో దాచుకునేవాడు.

అన్నయ్య పేల్చిన బాంబు

ఇలా మూడు పూవులు ఆరు కాయలుగా సాగుతున్న మా సంసారంలో నిప్పులు పోసినవాడు మా అన్నయ్య - పెద్దనాన్న కొడుకు. విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ దసరా సెలవులకి వచ్చాడు. మేం టీవీ ముందు గంతులేస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి చూసి, "ఒరే వెర్రివెధవల్లారా! అదంతా ఉత్తుత్తి. ఎవడు గెలవాలో ముందే రాసి పెట్టుకుంటారు" అన్నాడు.

గదిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం!

మాలో ఒకడు ఏడ్చాడు. ఇంకొకడు అన్నయ్య మీదకి కుర్చీ ఎత్తాడు - అచ్చం టీవీలోలాగే! నేను మాత్రం తిన్నగా తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. సుప్రీంకోర్టు అక్కడే వుంది మరి.

ఆయన పడక్కుర్చీలో పడుకుని విసనకర్ర వూపుకుంటున్నారు. "తాతయ్యా! వాళ్లు నిజంగా కొట్టుకుంటారా, కొట్టుకోరా?"

తాతయ్య విసనకర్ర ఆపారు. "ఎవడు గెలవాలన్నది వాళ్లూ వాళ్లూ అనుకుంటారేమో గానీ, పడ్డం మాత్రం నిజంరా. ఒకడి బదులు ఇంకొకడు పడలేడు కదా!" అన్నారు.

పదేళ్ల బుర్రకి ఆ తీర్పు ఎక్కలేదు. అవునో కాదో చెప్పకుండా ఇదేం జవాబు అనుకున్నాను. అది తలకెక్కడానికి ఇంకో పది నెలలు పట్టింది. అదీ బాగా దెబ్బ తిన్నాక!

ఖరగ్‌పూర్ నుంచి కలకత్తాకి

తాతయ్యకి ఆ మాట అనే అర్హత వుంది. ఆయన రైల్వే ఉద్యోగి. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఎందరో పొట్ట చేతబట్టుకుని ఖరగ్‌పూర్ రైల్వేలో చేరారని పాఠకులకి తెలిసే వుంటుంది. అక్కణ్ణించి కలకత్తా ఎంతసేపు? 1959లో అక్కడ కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్ కుస్తీ జరిగితే టిక్కెట్టు కొనుక్కుని వెళ్లారట. కెనడా మల్లుడు జార్జ్ గోర్డియెంకోని ఓడించి ఆ బిరుదు గెలుచుకున్న మొనగాడు ఎవరో కాదు - దారాసింగ్!

దారాసింగ్ అంటే ఈ తరానికి టీవీ ‘రామాయణం’లో హనుమంతుడు. అంతే! కానీ అంతకుముందు ఆయన వెనక నలభై ఏళ్ల మట్టి, చెమట వున్నాయి. 1928లో అమృత్‌సర్ జిల్లా ధర్మూచక్‌లో పుట్టారు. 1947లో బతుకుతెరువు వెతుక్కుంటూ సింగపూర్ వెళ్లి, అక్కడే ఫ్రీస్టైల్ కుస్తీలో దిగారు. 1954లో భారత ఛాంపియన్ అయ్యారు. 1968 మే 29న బొంబాయిలో అమెరికా దిగ్గజం లూ థెజ్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అనిపించుకున్నారు.

ఆ రోజుల్లో ఆయనకి సరిజోడు ప్రతినాయకుడు కింగ్ కాంగ్. అసలు పేరు ఎమిల్ చాయా. హంగేరీలో పుట్టి ఆసియా అంతా తిరిగిన దాదాపు 200 కిలోల కొండ! దారాసింగ్ ఆ కొండని భుజాలకెత్తి గిరగిరా తిప్పాడన్న కథ ఊరూరా పాకింది. ఆ పోటీల్లో పందెం ఎంత, ప్రదర్శన ఎంత అన్న వాదన అప్పుడూ వుంది. జనం మాత్రం ఆగలేదు. నిర్మాతలూ ఆగలేదు! 1962లో బాబూభాయ్ మిస్త్రీ దర్శకత్వంలో ‘కింగ్ కాంగ్’ పేరుతోనే హిందీ సినిమా వచ్చింది. అందులో హీరో దారాసింగ్! ఆ తర్వాత ఏడాదికే ‘ఫౌలాద్’. అప్పటికింకా పెద్ద తార కాని ముంతాజ్ ఆయన పక్కన వరసగా నటించి పేరు తెచ్చుకుంది.

కండబలం వున్నవాళ్లని వెండితెర పిలవడం మన తెలుగువాళ్లకీ కొత్త కాదు. ‘నర్తనశాల’ చూసినవాళ్లు వంటలవాడి వేషంలో వున్న భీముణ్ణి మరిచిపోలేరు కదా! ఆ పాత్ర వేసిన దండమూడి రాజగోపాల్ 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చిన వస్తాదు. అంతకు ముందు తరంలో మా వైపు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు వున్నారు. సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న కలియుగ భీముడు! ఆయనది ప్రదర్శనే. టిక్కెట్టు పెట్టి చూపించినదే. అలాగని ఏనుగు ఉత్తుత్తిదా?

1987 జనవరి 25. రామానంద్ సాగర్ ‘రామాయణం’ దూరదర్శన్‌లో మొదలైంది. 1988 జూలై ఆఖరు దాకా ఆదివారం ఉదయం వీధులన్నీ నిర్మానుష్యం. మా నాన్నగారి తరానికి అదే ఆదివారం! హనుమంతుడిగా వేసే నాటికి దారాసింగ్‌కి 58 ఏళ్లు. 1983లోనే కుస్తీకి సెలవు పుచ్చుకున్న మనిషి. గద భుజాన వేసుకుని నిలబడితే, మా నాయనమ్మ టీవీకి హారతి ఇచ్చిందట. పక్కన తాతయ్య నవ్వుతూ, "ఈయన కింగ్ కాంగ్‌ని ఎత్తినవాడేనే, సంజీవిని ఒక లెక్కా?" అన్నారట. ఆ తర్వాత ‘మహాభారతం’లో భీముడిగా వచ్చిన ప్రవీణ్ కుమార్ కూడా ఆసియా క్రీడల్లో డిస్కస్ విసిరి 1966లో, 1970లో బంగారు పతకాలు గెలిచినవారే.

చూశారా! తాతయ్యకి కలకత్తా కుస్తీ, నాన్నకి ఆదివారం హనుమంతుడు, నాకు అండర్‌టేకర్. మూడు తరాలు ఒకే అరుగు చుట్టూ కూర్చున్నట్టే లేదూ?

తెర వెనక కథ

ఇక అసలు విషయానికొద్దాం. అన్నయ్య చెప్పింది నిజమేనా?

నిజమే! గెలుపు ఎవరిదన్నది కంపెనీవాళ్లు ముందే నిర్ణయిస్తారు. ఎవరు మంచివాడు, ఎవరు దుర్మార్గుడు అన్న వేషాలు పంచేది కూడా వాళ్లే. రిఫరీ చెవిలో కబురు వినబడుతుంది. ఆయన అది మల్లులకి చేరవేస్తాడు. ఈ గుట్టు బయటికి పొక్కకుండా కాపాడుకోవడానికి వాళ్లకో రహస్య పదం వుంది - కేఫేబ్. పాతరోజుల్లో హీరో, విలన్ ఒకే కారులో ప్రయాణం చేసినా కంపెనీలు ఊరుకునేవి కావు. జనం చూస్తే కథ చెడుతుంది మరి!

ఇంత భద్రంగా దాచిన గుట్టుని రట్టు చేసింది ఎవరో తెలుసా? ఆ కంపెనీయే! 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, మాది క్రీడ కాదు, వినోదం అని డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. చెప్పేసింది. క్రీడ అంటే క్రీడల కమిషన్ అజమాయిషీ వుంటుంది, పన్నులు వుంటాయి. వినోదమైతే ఆ బెడద లేదు. అంటే మా వీధిలో కుర్చీలు లేచే నాటికి తొమ్మిదేళ్ల ముందే అసలువాళ్లు నిజం ఒప్పేసుకున్నారన్నమాట! ఆ వార్త విజయనగరం చేరలేదు. అంతే తేడా.

యోకోజునా జపాన్ సుమో వస్తాదు అని కదా మేం నమ్మాం? ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన సమోవా సంతతి అమెరికన్! 1987 మార్చి 29న హల్క్ హోగన్ ఆంద్రే ది జెయింట్‌ని ఎత్తి పడేసిన ఘట్టం చూసి లోకం నోరెళ్లబెట్టింది. వెన్నునొప్పితో బాధపడుతున్న ఆంద్రే తానుగా సహకరించకపోతే ఆ శరీరాన్ని ఎత్తడం ఎవరి తరం? ఎత్తినవాడికి చప్పట్లు. ఎత్తనిచ్చినవాడికి నొప్పి!

అయితే పూర్తిగా ఉత్తుత్తేనా? ఇక్కడే వుంది కిటుకు. ఆ అరుగు అడుగున ఇనుప కమ్మీలు. వాటి మీద చెక్కలు. పైన పల్చటి స్పాంజి, దాని మీద కాన్వాసు గుడ్డ. పరుపు కాదండీ! పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించి, వీపు మొత్తం ఒక్కసారే ఆనేలా చేతులు నేలకేసి చరుచుకుంటారు. దెబ్బ ఒకేచోట తగలకుండా శరీరమంతా పంచుకోవడానికి. మనకి వినబడే ఆ ధబేల్ చప్పుడు అదే. నుదుటి మీద కారే రక్తం చాలాసార్లు రంగునీళ్లు కాదు. మణికట్టు పట్టీలో దాచుకున్న బ్లేడు ముక్కతో వాళ్లకి వాళ్లే గీసుకునేవారు.

సినిమా పాఠకులకి ఈ తేడా వేరే చెప్పాలా? మన ఫైట్ మాస్టర్ ‘కట్’ అంటే అందరూ ఆగుతారు. హీరో బదులు డూప్ దూకుతాడు. సరిగ్గా రాకపోతే మళ్లీ తీస్తారు. కుస్తీ అరుగు మీద డూప్ లేడు. రెండో టేక్ లేదు. నాలుగు వైపులా కెమెరా కళ్లే కాదు, వేలాది మనుషుల కళ్లు! 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ ఇనుప పంజరం కప్పు మీంచి మిక్ ఫోలీని 16 అడుగుల కిందకి విసిరేశాడు. ఆ దూకుడు ఇద్దరూ అనుకుని చేసిందే. కాసేపటికి ఫోలీ మళ్లీ పైకెక్కి, ఈసారి అనుకోని విధంగా కప్పు తెగి లోపలికి పడ్డాడు. పన్ను విరిగి ముక్కులోకి పోయింది. కథ రాసినవాళ్లు ఆ పన్ను గురించి రాయలేదు కదా!

ఇద్దరు అండర్‌టేకర్లు

ఈ మధ్యలో ఓ సినిమా ముచ్చట చెప్పుకోకపోతే నేరం. 1996లో వచ్చిన ‘ఖిలాడియోంకా ఖిలాడీ’ గుర్తుందా? ఉమేష్ మెహ్రా దర్శకత్వం. అక్షయ్ కుమార్, రేఖ, రవీనా టాండన్. అందులో అక్షయ్ కుమార్ ఏకంగా అండర్‌టేకర్‌తో తలపడతాడు! మా బడిలో ఆ సినిమా గురించి మహాయుద్ధాలు జరిగాయి. అండర్‌టేకర్‌ని మనవాడు ఓడించాడని ఒక వర్గం. అండర్‌టేకర్ డబ్బు తీసుకుని ఓడిపోయాడని ఇంకో వర్గం.

రెండు వర్గాలూ తప్పే! సినిమాలో వేసినవాడు అసలు అండర్‌టేకర్ మార్క్ కాలవే కాదు. బ్రయన్ లీ అనే ఇంకో మల్లుడు. విశేషం ఏమిటంటే, ఈ బ్రయన్ లీ కుస్తీ అరుగు మీద కూడా నకిలీ అండర్‌టేకరే! 1994 జనవరిలో అండర్‌టేకర్‌ని శవపేటికలో పెట్టి మూసేసి, చచ్చిపోయాడన్నట్టు కథ నడిపారు. ఆ తర్వాత నకిలీవాణ్ణి దించి, ఆగస్టులో అసలువాడు తిరిగొచ్చి వాణ్ణి మట్టి కరిపించినట్టు చూపించారు. అంటే మన సినిమాకి వచ్చింది నకిలీకే నకిలీ అన్నమాట! ద్విపాత్రాభినయం మన సినిమాలకేం కొత్త గనక?

కానీ పాఠకులు ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. అండర్‌టేకర్ చచ్చిపోయాడు, తిరిగొచ్చాడు. మా పిల్లల లెక్కలో ఆయన ఏడుసార్లు చచ్చి ఏడుసార్లూ బతికాడు. ఆ ప్రపంచంలో చావంటే ఇంటర్వెల్. అంతే!

పందెం

అన్నయ్య బాంబు తర్వాత నేను మారిపోయాను. కొత్తగా బొట్టు పెట్టించుకున్న భక్తుడిలా, కొత్తగా తెలివొచ్చినవాడు కూడా ప్రమాదకరమే. టీవీలో ఎవడైనా దెబ్బ తింటే, "యాక్టింగ్!" అనేవాణ్ణి. రక్తం కారితే, "టమాటా సాస్!" అనేవాణ్ణి. అది తప్పని అప్పుడు తెలీదు. మిగతా పిల్లలు క్రమంగా మా ఇంటికి రావడం తగ్గించారు. పక్కింటివాడు మాత్రం వచ్చేవాడు. ఓవెన్ కోసం.

1999 మే నెల. ఎండాకాలం సెలవులు. ఓ మధ్యాహ్నం వాడు పేపరు ముక్క ఒకటి పట్టుకుని వచ్చాడు. కళ్లు వాచిపోయి వున్నాయి. ఆటల పేజీలో ఓ మూల చిన్న వార్త - ఓవెన్ హార్ట్ మరణం.

నేను పకపకా నవ్వాను.

"ఒరే పిచ్చోడా! అది స్టోరీరా! అండర్‌టేకర్ చావలేదూ? వచ్చే నెల తిరిగొస్తాడు చూడు. పందెం! రాకపోతే నా కార్డులన్నీ నీవే!"

వాడి మొహం ఒక్కసారి వెలిగింది. "నిజంగా వస్తాడంటావా?" అన్నాడు. ఆ మొహం నాకింకా కనబడుతూనే వుంది.

జరిగింది ఇది. మే 23న కాన్సాస్ సిటీలో పెద్ద ప్రదర్శన. ఓవెన్‌కి హాస్య వేషం - నీలిరంగు ముసుగు, ఈకల అంగీ వేసుకున్న సూపర్‌హీరో. కప్పు మీంచి తాడుతో దిగుతూ రావాలి. దించడానికి కట్టిన కొక్కెం ముందే విడిపోయింది. దాదాపు 78 అడుగుల ఎత్తు నుంచి అరుగు మీద పడ్డాడు. వయసు 34. భార్య, ఇద్దరు పిల్లలు. ఇళ్లలో టీవీ చూస్తున్నవాళ్లకి ఆ క్షణంలో వేరే వీడియో నడుస్తోంది గనక పడటం కనబడలేదు. హాల్లో కూర్చున్న వేలమందికి కనబడింది. అందులోనూ ఎందరో ఇది ఆటలో భాగమే అనుకున్నారు! ఇది కథలో భాగం కాదు, నిజంగా జరిగింది అని వ్యాఖ్యాత జిమ్ రాస్ పదేపదే చెప్పాల్సి వచ్చింది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆ తర్వాత కూడా ప్రదర్శన ఆపలేదు. అదే అరుగు మీద మిగతా పోటీలు నడిపించారు.

మర్నాడు రాత్రి అతని సంస్మరణలో కార్యక్రమం చేశారు. కొన్నాళ్లకి అది మా కేబుల్లో వచ్చింది. మేమిద్దరం కూర్చుని చూశాం. ఇంగ్లీషు మాకు అర్థం కాలేదు. కొండల్లాంటి మనుషులు, నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు పళ్లు నూరినవాళ్లు, కెమెరా ముందు చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు.

"ఏడుపు కూడా యాక్టింగేరా," అన్నాను.

అవును, అన్నాను. అది నా చెవులకే ఎలాగో వినిపించింది. వాడు ఏమీ అనలేదు. గోడకి జారగిలబడి కూర్చున్న తాతయ్య నా వంక చూశారు. "ఆ కుర్రాడికి ఎన్నేళ్లురా?" అని అడిగారు. పక్కింటివాడు చెప్పాడు. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూన్ అయింది. బళ్లు తెరిచారు. జూలై అయింది. వారం వారం వాడు వచ్చి కూర్చునేవాడు. వారం వారం నేను గుమ్మం వంక కాకుండా టీవీ వంకే చూస్తూ, లైట్లు ఆరి ఆ బంగారు జుట్టు మనిషి నవ్వుతూ రావాలని మొక్కుకునేవాణ్ణి. నా పందెం గెలవాలని కాదు. నేను చెప్పింది అబద్ధం కాకూడదని!

ఓవెన్ రాలేదు.

ఆగస్టులో ఓ రోజు నేనే కార్డుల కట్ట తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. వాడు కట్ట విప్పి, ఒక్కొక్కటే తీసి చూసి, మళ్లీ నాకే ఇచ్చేశాడు. "నాకు ఓవెన్ వున్నాడు కదరా," అన్నాడు.

అప్పుడర్థమైంది తాతయ్య తీర్పు. గెలుపోటములు రాసుకోవచ్చు. కోపాలు, పగలు రాసుకోవచ్చు. చావు కూడా రాసి, తుడిచేసి మళ్లీ రాసుకోవచ్చు. శరీరానికి మాత్రం కథ తెలీదు. పడితే పడిందే!

గచ్చిబౌలిలో ఓ సాయంత్రం

ఏళ్లు గడిచాయి. తాతయ్య వెళ్లిపోయారు. 2012 జూలై 12న దారాసింగ్ కన్నుమూశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ ‘రామాయణం’ మళ్లీ వేస్తే, మా నాన్నగారు తొమ్మిదిన్నర ఎపిసోడ్ నాటి పిల్లాడిలా కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నారు. అదే ఏడాది నవంబరులో అండర్‌టేకర్ అరుగు దిగిపోయాడు. 2025 జూలైలో హల్క్ హోగన్ పోయారు. మన హిమాచల్ కుర్రాడు దలీప్ సింగ్ రాణా ‘గ్రేట్ ఖలీ’ పేరుతో 2006లో వచ్చీ రాగానే అండర్‌టేకర్‌ని పడగొడితే, అన్నయ్య - అవును, ఆ అన్నయ్యే! - అమెరికా నుంచి ఫోన్ చేసి కేకలు వేశాడు. "ఉత్తుత్తి కదా అన్నయ్యా?" అంటే, "నోర్ముయ్‌రా!" అన్నాడు.

2023 సెప్టెంబరు 8. హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. డబ్ల్యు.డబ్ల్యు.ఇ. వాళ్లు మన ఊరికే వచ్చారు! జాన్ సీనా మన దేశంలో మొట్టమొదటిసారి అరుగెక్కే రోజు. సేథ్ రోలిన్స్‌తో జోడీ కట్టి ఇద్దరు యూరప్ మల్లుల మీద పోటీ. అక్క కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లాను. వాడికి తొమ్మిదేళ్లు.

సీనా పాట మొదలయ్యేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది. పక్కన నలభై దాటిన ఆసామీ ఒకాయన, సాఫ్ట్‌వేర్ కంపెనీ గుర్తింపు కార్డు మెళ్లో వుండగానే, ఈల వేస్తున్నాడు. ఆ గోలలోనే నా పాత నేస్తానికి వీడియో కాల్ చేశాను. వాడిప్పుడు దుబాయ్‌లో. ఫోన్ అరుగు వైపు తిప్పి చూపించాను. కాసేపు చూసి నవ్వాడు.

"ఓవెన్ కార్డు ఇంకా వుందిరా?" అని అరిచాను.

"లేదురా. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది," అన్నాడు. ఆ తర్వాత ఏదో అన్నాడు గానీ చప్పట్లలో వినబడలేదు.

ఫోన్ పెట్టేసరికి మేనల్లుడు నా చొక్కా లాగుతున్నాడు. నాకు తెలుసు ఏం అడుగుతాడో.

"మావయ్యా! వీళ్లు నిజంగా కొట్టుకుంటారా?"

తాతయ్య మాటే చెప్పాను. ఎవరు గెలవాలన్నది వాళ్లు ముందే అనుకుంటారు గానీ, పడ్డం మాత్రం నిజం అన్నాను. వాడు ఆలోచించాడు. అప్పుడే అరుగు మీద ఎవరో ధబేల్‌మని పడ్డారు. మేం కూర్చున్న చోటికి కూడా చెక్కల చప్పుడు వినబడింది. టీవీలో ఎన్నడూ వినని చప్పుడు అది.

"అయితే నొప్పి పుడుతుందా?"

"పుడుతుందిరా."

"మరి తెలిసీ ఎందుకు పడతారు?"

దానికి తాతయ్య నాకు జవాబు చెప్పి వెళ్లలేదు. నేను ఆలోచిస్తుండగానే వాడు కుర్చీ మీదకెక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పడ్డవాడు లేవాలని గొంతు చించుకుని అరవడం మొదలెట్టాడు.